ఎం-1 ఎవరు చెప్పాలి? మా కాలేజీలో ఏడాది ముచ్చట

ఇంజినీరింగ్ పిల్లలకు లెక్కలు ఎవరు చెప్పాలన్న ప్రశ్న మా కాలేజీలో చదువు మీద బెంగతో పుట్టలేదు. వర్క్‌లోడ్ షీట్‌లో పుట్టింది. మెకానికల్, సివిల్ సీట్లు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ అనో డేటా సైన్స్ అనో తగిలించిన సెక్షన్లు పెరుగుతూ పోయాయి. మెకానికల్‌లో ఎంటెక్ చేసి ఏళ్ల తరబడి సర్వీసున్న సార్లకు వారానికి సరిపడా క్లాసుల్లేవు. ఇటు లెక్కలు, సైన్సులు చెప్పే మా హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) డిపార్ట్‌మెంటులో మనుషులు చాలడం లేదు. మేనేజ్‌మెంటుకు ఇది తేలికైన లెక్కే. అక్కడ మిగిలినవాళ్లను ఇక్కడికి తెచ్చి ఎం-1, అంటే ఫస్టియర్ మొదటి లెక్కల పేపర్, అప్పజెప్పితే సరి. "ఇంజినీర్లకు ఇంజినీరే లెక్కలు చెప్తే ఇంకా మంచిది కద మేడం" అన్న మాట మీటింగ్ చివర్లో చేర్చారు.

కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. హనుమకొండ నుంచి బస్సులు పంపి పిల్లల్ని తెచ్చుకునే ప్రైవేటు కాలేజీ. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ, మహబూబాబాద్ పిల్లలు ఎక్కువ. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, లెక్చరర్ల అర్హత పరీక్ష సెట్ క్వాలిఫై అయి ఈ లైన్‌లోకి వచ్చాను. ఫస్టియర్ బ్లాక్ వేరు, బ్రాంచిల బ్లాకులు వేరు. మేం చెప్పిన లెక్కలు ఆ బ్లాకుల్లోకి వెళ్లాక ఏమవుతాయో మాకు తెలియదు. మా దగ్గర పిల్లలు ఏం నేర్చుకుని వచ్చారో వాళ్లకు పట్టదు. అందరూ కలిసేది క్యాంటీన్‌లో మాత్రమే. అక్కడా ఎవరి టేబుల్ వాళ్లదే.

విషయం బయటికి రాగానే స్టాఫ్ రూంలో రెండు జట్లయ్యాయి. మా సీనియర్ మేడం గట్టిగానే పట్టుకున్నారు. "ఎన్‌ఐటీలో మ్యాథ్స్‌కు డిపార్ట్‌మెంటే ఉంది. ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ నడుపుతున్నరు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన దానికి తెలియదా ఎవరితో చెప్పించాల్నో?" మెకానికల్ వాళ్ల దగ్గరా జవాబు రెడీగా ఉంది. "మీ దగ్గర ఎం-1, ఎం-2 పాసై వచ్చిన పిల్లగాడు థర్డియర్‌ల చిన్న ఇంటిగ్రేషన్ అడిగితే ఫోన్ తీస్తడు. ఎంటెక్ ఎంట్రన్స్ గేట్‌ల ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కు 13 మార్కులుంటే అవి కూడా వదిలేసుకుంటున్నరు. మరి మీరేం చెప్పినట్టు?" రెండు మాటల్లోనూ నిజముంది, రెండింట్లోనూ కొంత కడుపుమంటా ఉంది. మా కాలేజీలో హెచ్ అండ్ ఎస్ వాళ్ల జీతం బ్రాంచి వాళ్ల కంటే తక్కువ. అది ఎవరూ పైకి అనలేదు గానీ, గొంతులు లేచింది చాలావరకు అందుకే.

రూల్ తెలిసిన విషయమే. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం బ్రాంచి సబ్జెక్టులకు బీటెక్, ఎంటెక్ ఉండి రెండింట్లో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ రావాలి. మ్యాథ్స్‌కు 55 శాతంతో ఎమ్మెస్సీ, దానికి తోడు నెట్ గానీ సెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. రూల్ పుస్తకం తెరిస్తే వాదన అక్కడితో అయిపోవాలి. మన దగ్గర అలా అవుతుందా? టైంటేబుల్లో నా పేరు పక్కన ఒక స్లాష్ పెట్టి మెకానికల్ సార్ పేరు రాశారు. ఆ స్లాష్‌తో ఏడాదంతా నడిచింది.

దానికి నేనొక షరతు పెట్టాను. ఆయన చెప్పేటప్పుడు నేను చివరి బెంచీలో కూర్చుంటాను, నేను చెప్పేటప్పుడు ఆయన కూర్చోవాలి. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "నాకెట్లాగూ క్లాసుల్లేవు కద మేడం" అన్నారు నవ్వుతూ.

ముందు పిల్లల సంగతి చెప్పాలి. వీళ్లంతా ఎప్‌సెట్ దాటి వచ్చినవాళ్లు. ఇప్పటికీ అందరూ ఎంసెట్ అనే అంటారు. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో సగం, అంటే 80, లెక్కలే. ఒక్కో ప్రశ్నకు నిమిషం చిల్లర. ఆ నిమిషంలో లెక్క చేయాల్సిన పని లేదు, నాలుగు ఆప్షన్లలో ఏది కాదో తెలిస్తే చాలు. ఆప్షన్ తీసుకుని ఈక్వేషన్‌లో వేసి చూడటం, ఎక్స్‌కు సున్నా పెట్టి చూడటం ఇంటర్ రెండేళ్లూ నేర్చుకుని వస్తారు. తెలివిలేని పిల్లలు కారు. ఆ పరీక్షకు అదే తెలివి. ఎం-1లోకి వచ్చి తెల్ల కాగితం మీద మొదటి లైన్ నుంచి రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, "షార్ట్‌కట్ లేదా మేడం?" రెండోది, "ఇది ఏడ పనికొస్తది మేడం?" రెండో ప్రశ్నకు మా డిపార్ట్‌మెంటులో చాలామంది చెప్పే జవాబు "ఎక్స్‌టర్నల్‌లో పది మార్కులకు పనికొస్తది" అని.

ఆర్-22 రెగ్యులేషన్‌లో ఈ పేపర్ పేరు మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్. పేరు మారినా పిల్లలకు, మాకు అది ఎం-1. ర్యాంక్, ఎషలాన్ ఫామ్ నేను చెప్పాను. ఐగెన్ వాల్యూస్ యూనిట్ ఆయన తీసుకున్నారు. మ్యాట్రిక్స్‌తో గుణించినా తన గీత తప్పని వెక్టర్ ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లవుతుందో ఆ సంఖ్య ఐగెన్ వాల్యూ.

ఆయన బోర్డు మీద ఏమీ రాయకుండా మొదలుపెట్టారు. ఇద్దరు అబ్బాయిల్ని ముందుకు పిలిచి, పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరూ ఒకే వైపు ఊగండి అన్నారు. తర్వాత ఎదురెదురుగా, ఒకడు కుడికి పోతే ఇంకొకడు ఎడమకు. క్లాసంతా నవ్వులు. అప్పుడు బోర్డు మీద రెండు బరువులు, మూడు స్ప్రింగులు గీశారు. అటు గోడ, ఇటు గోడ. మ్యాట్రిక్స్ రాశారు: మొదటి వరుస 2, మైనస్ 1, రెండో వరుస మైనస్ 1, 2. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ సాల్వ్ చేస్తే 1, 3 వచ్చాయి. ఒకటికి వచ్చిన వెక్టర్ 1, 1. మూడుకు వచ్చింది 1, మైనస్ 1. "ఇప్పుడు వీళ్లిద్దరు ఊగిన్రు కద, గదే ఇది" అన్నారు. ఎదురెదురుగా ఊగేటప్పుడు మధ్య స్ప్రింగు కూడా సాగి నలుగుతుంది కాబట్టి అది వేగంగా ఊగుతుంది, అందుకే పెద్ద సంఖ్య. నేను ఎమ్మెస్సీలో ఐగెన్ వెక్టర్ మీద థీరమ్‌లు ప్రూవ్ చేశాను. మైనస్ గుర్తుకు అంత సులువైన అర్థం చెప్పడం మాత్రం అక్కడే చూశాను.

ఆ వారంలోనే ఆ యూనిట్ అడ్డం తిరిగింది. క్వశ్చన్ బ్యాంకులో ఒక చిన్న మ్యాట్రిక్స్ ఉంది. మొదటి వరుస 1, 1. రెండో వరుస 0, 1. నర్సంపేట వైపు అమ్మాయి ఒకామె లేచి, "సార్, రెండు ఐగెన్ వాల్యూలూ ఒకటే వచ్చినయ్. వెక్టర్ కూడా ఒకటే వస్తుంది. రెండోది ఎట్ల తేవాలె?" అని అడిగింది. సార్ నోట్‌బుక్ చూసి, "లెక్కల ఎక్కడో పోయింది, మళ్లా చెయ్" అన్నారు. మళ్లీ చేసింది. మళ్లీ అదే. లెక్క సరిగ్గానే ఉంది. ఆ మ్యాట్రిక్స్‌కు రెండో దిక్కు లేనే లేదు. దాన్ని డయాగనలైజ్ చేయలేం, అంటే వికర్ణం మీద తప్ప అంతటా సున్నాలే ఉండే రూపానికి మార్చలేం. మ్యాథ్స్ వాళ్లకు ఇది మొదట గుర్తొచ్చే కేసు.

ఆయనకు తెలియక కాదు. క్లాసయ్యాక టీ తాగుతూ మాట్లాడుకుంటే అసలు సంగతి తేలింది. ఆయన సర్వీసంతా చూసిన మ్యాట్రిక్స్‌లు సిమెట్రిక్‌వే, అంటే వికర్ణానికి అటూ ఇటూ అవే సంఖ్యలున్నవి. వైబ్రేషన్స్‌లో స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ అంటే సిమెట్రిక్. సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌కు వెక్టర్లు ఎప్పుడూ పూర్తిగా దొరుకుతాయి, వాల్యూలు రిపీటైనా సరే. అంటే ఆయనకు ఆ లెక్క జీవితంలో ఒక్కసారి కూడా ఎదురు తిరగలేదు. అది ఎందుకు ఎదురు తిరగలేదో చెప్పే థీరమ్ నా దగ్గరుంది. అసలు ఆ మ్యాట్రిక్స్‌లన్నీ సిమెట్రిక్ ఎందుకయ్యాయి అని నేనడిగితే, ఆ జవాబు ఆయన దగ్గరుంది. మాక్స్‌వెల్ రెసిప్రొకల్ థీరమ్. దూలం మీద ఒక చోట బరువు పెడితే ఇంకో చోట ఎంత వంగుతుందో, బరువును ఆ రెండో చోటికి మారిస్తే మొదటి చోట అంతే వంగుతుంది. రెండు టీలు చల్లారిపోయాయి.

సిమెట్రిక్ కానిది మీ సబ్జెక్టులో ఎక్కడా రాదా అని అడిగాను. కాసేపు ఆలోచించి పేపర్ నాప్‌కిన్ మీద ఒక డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాశారు: స్ప్రింగు, దానికి ఊపును తగ్గించే డ్యాంపర్. దాన్ని మ్యాట్రిక్స్‌గా మార్చాం. మొదటి వరుస 0, 1. రెండో వరుస మైనస్ 1, మైనస్ 2. ఐగెన్ వాల్యూ మైనస్ 1, రెండుసార్లు. వెక్టర్ ఒక్కటే. "అరె, ఇది క్రిటికల్ డ్యాంపింగ్ కద మేడం!" అన్నారు. తలుపు కొట్టుకోకుండా, ఊగకుండా, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మూతపడాలంటే డోర్ క్లోజర్‌ను ఆ హద్దు దగ్గర సెట్ చేయాలి. ఆ సొల్యూషన్‌లో టీ (కాలం) అనే ఒక గుణకం అదనంగా వచ్చి చేరుతుంది. మ్యాథ్స్‌లో దాన్ని 'రిపీటెడ్ రూట్ అయితే టీతో గుణించాలి' అని రూల్‌గా బట్టీ పట్టిస్తాం. మర్నాడు ఆయన ఆ అమ్మాయిని లేపి, నిన్న నీ లెక్కే కరెక్టని చెప్పి, ప్రిన్సిపాల్ రూం తలుపుకున్న డోర్ క్లోజర్ సంగతి చెప్పారు. నేను పక్కన నిలబడి రెండో వెక్టర్ ఎందుకు లేదో బోర్డు మీద చూపించాను. ఆ ఏడాదిలో నాకు బాగా నచ్చిన గంట అది.

ఇంత చెప్పాక ఒక తిరకాసు కూడా చెప్పాలి. ఆ సెక్షన్ మెకానికల్ కాదు, సీఎస్‌ఈ ఏఐ సెక్షన్. మెకానికల్‌లో పిల్లలు లేకనే కదా ఆయన ఇటు వచ్చారు! ఇంజినీర్లకు ఇంజినీరే చెప్పాలన్న వాదన ఇక్కడే బోల్తా కొట్టింది. ఇంజినీర్ అంటే ఏ ఇంజినీర్? స్ప్రింగులు, దూలాలు, బాయిలర్లు ఈ పిల్లలకు మళ్లీ ఎక్కడా కనపడవు. వాళ్లకు ఐగెన్ వెక్టర్ కావాల్సింది డేటాలో వంద కాలమ్స్ ఉంటే వాటిలో అసలు తేడా ఏ దిక్కున ఉందో పట్టుకోవడానికి. అక్కడ వచ్చే కోవేరియెన్స్ మ్యాట్రిక్స్, అంటే ఏ రెండు కాలమ్స్ కలిసి ఎంత మారతాయో చెప్పేది, కూడా సిమెట్రిక్కే. అంటే ఆయన స్ప్రింగులకు పనికొచ్చిన థీరమే దీనికీ పనికొస్తుంది. ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి స్ప్రింగు తెలిసినవాళ్లు ఒక్కరే చాలరు, డేటా తెలిసినవాళ్లు ఒక్కరే చాలరు. ఇక్కడ మ్యాథ్స్ మనిషి కావాలి.

పార్షియల్ డిఫరెన్షియేషన్ యూనిట్ నాది. ఒక్క వేరియబుల్‌నే కదిపి ఫంక్షన్ ఎంత మారుతుందో చూడటం అది. అంతకుముందు సీఎస్‌ఈ మేడం ఒకామె చెప్పే మెషీన్ లెర్నింగ్ క్లాసులో పర్మిషన్ తీసుకుని కూర్చున్నాను. అక్కడ గ్రేడియంట్ డిసెంట్ అన్న మాట వచ్చినప్పుడల్లా థర్డియర్ పిల్లలు దాన్ని లైబ్రరీ ఫంక్షన్ పేరులా రాసుకుంటున్నారు. అది ఫస్టియర్‌లో తాము చేసిన పార్షియల్ డెరివేటివ్సేనని ఒక్కరికీ తట్టలేదు. ఆమె చెప్పలేదు, ఎందుకంటే అది మా దగ్గరే చెప్పేసి ఉంటారని ఆమె నమ్మకం. మేం చెప్పలేదు, ఎందుకంటే అది వాళ్ల సిలబస్. అందుకే ఈసారి గ్రేడియంట్ చెప్పేటప్పుడు హనుమకొండ పద్మాక్షి గుట్టను బోర్డు మీదికి తెచ్చాను. గుట్ట మీద కళ్లు మూసుకుని నిలబడితే, ఏ వైపు అడుగేస్తే నిట్టనిలువుగా ఎక్కుతామో అది గ్రేడియంట్, దానికి సరిగ్గా వెనక్కి అడుగేస్తే డిసెంట్. తర్వాత రెండు వేరియబుల్స్‌తో చిన్న ఫంక్షన్ తీసుకుని, క్యాలిక్యులేటర్‌తో అడుగులు వేయించాను. అడుగు మరీ పెద్దదైతే దిగాల్సింది పోయి అటూ ఇటూ ఎగిరి పైకి పోతాం. అది వాళ్లే చేసి చూసి, "మేడం, జవాబు పెరుగుతున్నది" అని గోల పెట్టారు. పార్షియల్ డెరివేటివ్స్ యూనిట్‌లో గోల వినడం అరుదు.

సెకండ్ సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లాప్లాస్, వెక్టర్ క్యాలిక్యులస్. మెకానికల్ సార్ 30 సెంటీమీటర్ల స్టీల్ స్కేలు ఒకటి తెచ్చి, టేబుల్ మీద నిలువుగా పెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కారు. కొంతసేపు నిటారుగా ఉంది. ఒక హద్దు దాటగానే విల్లులా పక్కకు వంగింది. దీన్ని ఆయిలర్ 18వ శతాబ్దంలోనే లెక్కగట్టాడు. ఆ హద్దు విలువ పై (π) స్క్వేర్ ఈఐ బై ఎల్ స్క్వేర్. ఈఐ అంటే స్కేలు బిగువు, ఎల్ అంటే పొడవు. రెండు చివర్లూ పక్కకు కదలవు కాబట్టి అక్కడ సైన్ సున్నా కావాలి, అది ఎన్ పై దగ్గర అవుతుంది; ఎన్ ఒకటైతే ఈ విలువ. తర్వాత స్కేలును సగం దగ్గర పట్టుకుని నొక్కి చూపించారు. పొడవు సగమైతే నాలుగు రెట్లు నొక్కాలి. పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నొక్కి చూశారు. ఒకడు అడిగాడు: "సార్, సైన్ సున్నా కావాలంటే ఎన్ ఒకటే ఎందుకు, రెండు, మూడు కూడా ఉండచ్చు కద?" నేనైతే ఉండొచ్చు, అన్నీ ఐగెన్ వాల్యూలే అని చెప్పి ముందుకు పోయేదాన్ని. ఆయన, "ఉంటయ్ బిడ్డా. కని రెండోదాని దాకా పోయేలోపే ఒకటో దానికాడనే వంగిపాయె కద" అన్నారు. ఆ జవాబు చెప్పడానికి ఇంజినీరే కావాలి. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇబ్బందేమీ లేదు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ను ఆల్జీబ్రాగా మార్చే లాప్లాస్ కోసం ఈఈఈ (ఎలక్ట్రికల్) ల్యాబ్‌కు వెళ్లాను. అక్కడి మేడం 100 కిలో ఓంల రెసిస్టర్, 100 మైక్రో ఫారడ్ల కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి 12 వోల్టులు ఇచ్చారు. పిల్లలు మల్టీమీటర్ చూస్తూ ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టారు. పది సెకన్లకు ఏడున్నర వోల్టులు. యాభై సెకన్లకు పన్నెండును ఆనుకుంది. లాప్లాస్ తీస్తే కింద ఎస్ ప్లస్ 0.1 వస్తుంది. అది సున్నా అయ్యే చోటును వాళ్లు పోల్ అంటారు. మైనస్ 0.1 దగ్గర ఉంది కాబట్టి వోల్టేజీ కుదురుకుంది. అదే ప్లస్ వైపు ఉంటే పెరుగుతూనే పోయి ఏదో ఒకటి మాడిపోయేది. మేం మా క్లాసులో ఫార్ములా పక్కన 'ఎస్ ఈజ్ గ్రేటర్ దెన్ ఏ' అని బ్రాకెట్లో రాస్తాం చూడండి, పిల్లలు పరీక్షలో రాయడం మానేసే ముక్క, ఆ ఏ ఈ పోలే. ఇన్నేళ్లూ దాన్ని కన్వర్జెన్స్ షరతుగా చెప్పాను. ఇప్పుడు ఈఈఈ సెక్షన్‌కు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఈ తగాదా మన వరంగల్‌లో పుట్టింది కాదు. ఆలివర్ హెవిసైడ్ అని ఇంగ్లండ్‌లో ఒక టెలిగ్రాఫ్ ఆపరేటర్, పదహారేళ్లకే బడి మానేసినవాడు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లను మామూలు ఆల్జీబ్రాలా తిప్పి జవాబులు తెచ్చేవాడు. జవాబులు సరిపోయేవి, ప్రూఫ్ ఉండేది కాదు. రాయల్ సొసైటీ 1893లో ఆయన పేపర్ రెండు భాగాలు అచ్చేసి, మూడో భాగాన్ని మరుసటేడు తిప్పి పంపింది. ఆ పద్ధతికి గట్టి పునాది తర్వాత గణితజ్ఞులు వేశారు. ఇక జాన్ పెర్రీ అనే ఇంజినీర్ 1901లో బ్రిటిష్ సైన్సు సంఘం గ్లాస్గో సభలో, లెక్కలు చెప్పే తీరు మారాలని గట్టిగా వాదించాడు. గ్రాఫ్ పేపరు, కొలతలు, చేసి చూడటం ముందు రావాలన్నది ఆయన పట్టు. మా మెకానికల్ సార్‌కు ఈయన సంగతి చెప్తే, "నూట ఇరవై ఏండ్ల కింద మా పార్టీ ఆయన ఒకడున్నడన్న మాట" అని సంబరపడ్డారు.

ఫలితాలు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పాస్ పర్సంటేజీలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. ఎక్స్‌టర్నల్ 60 మార్కుల పేపర్ డోర్ క్లోజర్ గురించి అడగదు, కేలీ-హామిల్టన్ థీరమ్ వెరిఫై చేయమంటుంది. తేడా వచ్చింది పిల్లల ప్రశ్నల్లో. "ఏడ పనికొస్తది" తగ్గి, "ఇది పని చెయ్యకపోతే ఏం చెయ్యాలె" పెరిగింది.

నా అభిప్రాయం నేను దాచుకోను. మ్యాథ్స్ మ్యాథ్స్ వాళ్లే చెప్పాలి. పద్ధతి ఎక్కడ పని చేస్తుందో ఇంజినీరు తన అనుభవం నుంచి చెప్పగలడు. ఎక్కడ చేయదో, ఎందుకు చేయదో చెప్పడం మా పని. బ్రాంచి మారితే ఉదాహరణ మార్చుకోవచ్చు, ఆ పని మారదు. కానీ మ్యాథ్స్ లెక్చరర్ ఏ బ్రాంచికి చెప్తే ఆ బ్రాంచి క్లాసులో ముందు కూర్చుని రావాలి. సర్టిఫికెట్ ఇచ్చే వారం రోజుల ఎఫ్‌డీపీల (టీచర్ల ట్రైనింగుల) కంటే ఇది మేలు, పైసా ఖర్చు లేదు. మెకానికల్ సార్‌ను ట్యుటోరియల్ గంటకు అడిగి తీసుకున్నాం. ఆయన స్కేలు ఇప్పుడు మా స్టాఫ్ రూం బీరువాలోనే ఉంటుంది.

ఆ తర్వాత మ్యాథ్స్ పోస్టు ఒకటి పడితే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నన్నూ కూర్చోబెట్టారు. డెమో టాపిక్ నేనే ఇచ్చాను: డయాగనలైజేషన్. ఫ్లూయిడ్ డైనమిక్స్‌లో పీహెచ్‌డీ చేసినాయన థీరమ్ స్టేట్‌మెంట్‌తో మొదలుపెట్టి ప్రూఫ్ మధ్యలో టైం అయిపోగొట్టుకున్నారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో పనిచేసి వచ్చినాయన చేతిరాత ముత్యాల్లా ఉంది. మూడు బై మూడు మ్యాట్రిక్స్‌ను చకచకా తేల్చేశారు, మొత్తం ఒక పద్ధతి ప్రకారం. 1, 1, 0, 1 మ్యాట్రిక్స్ ఇస్తే మాత్రం, "ఇలాంటివి ఇంపార్టెంట్ కాదు మేడం" అన్నారు. మూడో ఆమె కొత్త. ఎమ్మెస్సీ, సెట్, అంతే. చాక్‌పీస్ తీసుకుని, బోర్డు దగ్గర ఆగి, "ఏ బ్రాంచికి మేడం?" అని అడిగింది. ఈఈఈ అనుకోండి అన్నాం. పీహెచ్‌డీ లేదని ప్రిన్సిపాల్ కొంచెం నసిగారు. రూల్ ప్రకారం సెట్ చాలని చూపించాను. ఇప్పుడామె ఫస్టియర్ ఈఈఈ సెక్షన్ తీసుకుంటోంది. శనివారం మధ్యాహ్నాలు సర్క్యూట్స్ ల్యాబ్‌లో కూర్చుంటోంది.